తెల్లగోడ మీద తెల్లరంగు

గోడకు రంగు పూసే రోజు ఇంటిల్లిపాదీ వచ్చి పక్కన నిలబడతారు. ఇక్కడ కొంచెం పలచబడింది, అక్కడ కొంచెం చిక్కబడింది అని సలహాలు చెబుతారు. అడక్కుండానే టీ ఇస్తారు. చుట్టాలొస్తే చేయి పట్టుకుని తీసుకొచ్చి చూపిస్తారు. ప్రైమర్ పూసే రోజు మాత్రం ఆ గదిలోకి పిల్లి కూడా రాదు. టీ మనమే అడిగి తాగాలి.

ప్రైమర్ అంటే రంగుకు ముందు పూసే రంగు. సున్నం నీళ్ళలాగా తెల్లగా, ఏ కళా లేకుండా ఉంటుంది. అది గోడను పట్టుకుంటుంది, రంగు దాన్ని పట్టుకుంటుంది. మొహానికి పౌడరు వేసుకునే ముందు మొహం కడుక్కోవడం లాంటిదని నేను ఇళ్ళవాళ్ళకు చెబుతుంటాను. కడగకుండానే పౌడరు వేసుకునేవాళ్ళు మా పెనుకొండలో చాలామందే ఉండేవాళ్ళు. వాళ్ళకు ఈ పోలిక పనికిరాలేదు.

నాకు చదువు ఎనిమిదో తరగతి దాకానే. లెక్కల సారు బోర్డు మీద లెక్క రాస్తుంటే, ఈ బోర్డుకు నల్లరంగు సరిగ్గా పూయలేదు, సుద్దముక్క జారిపోతోంది అని పక్కవాడితో చెప్పేవాణ్ణి. రెండేళ్ళు చెప్పాను. మూడో ఏడు సారు మా నాయనను పిలిపించి, "వీడు చదువుకోడప్పా, బోర్డుకు రంగు పూయడానికి పంపు" అన్నాడు. ఆయన వెటకారంగా అన్నాడు. మా నాయన నిజంగానే పంపించేశాడు.

నాకు పని నేర్పిన మేస్త్రీ హిందూపురంలో ఉండేవాడు. మడకశిర వైపు మనిషి. సగం తెలుగు, సగం కన్నడం కలిపి మాట్లాడేవాడు. అదీ రోజుకు పది మాటలకు మించి కాదు. మిగతా మాటలన్నీ నేను మాట్లాడేవాణ్ణి. ఒక రోజు ఎవరిదో కొత్త ఇంట్లో పొద్దున్నుంచీ ప్రైమర్ పూసి పూసి నా భుజాలు పడిపోయాయి. ఉండబట్టలేక అడిగేశాను.

"మేస్త్రీ, రేపు దీని మీద రంగు పడుతుంది. అప్పుడు ఇది ఎవరికీ కనపడదు. కనపడని దానికి ఇంత పాటెందుకు?"

ఆయన కుంచె ఆపలేదు. "నీ ఎముకలు ఎవరికన్నా కనపడతాండాయా?"

"లేదు."

"తీసేద్దామా? సుమ్నే పూయి."

సుమ్నే అంటే కన్నడంలో ఊరికే, గమ్మున అని. ఆ రోజుకు ఆయన పది మాటలూ అయిపోయాయి.

నేను సొంతంగా పనులు ఒప్పుకోవడం మొదలుపెట్టింది రెండువేల సంవత్సరం దాటిన తర్వాత. అప్పటికి మా అక్కకు పెళ్ళయి నాలుగేళ్ళు. ఆమెను ధర్మవరంలో ఇచ్చాం. బావ పట్టుచీరలు నేస్తాడు. రైలు పెట్టెలాంటి పొడుగాటి ఇల్లు. వీధి వైపు మొదటి గదిలో కిటికీ కింద గుంత తవ్వి మగ్గం దించారు. బావ ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసేవాడు. చీరలు కొనడానికి ఎవరైనా వస్తే చాప పరిచి చూపించేదీ ఆ గదిలోనే. ఇంట్లో మొత్తం ముగ్గురు: బావ, అక్క, బావ వాళ్ళమ్మ. ఆమె నాకూ అత్తే, అక్కకూ అత్తే.

ఆ ఇంట్లో అత్త మాటే మాట. బావ ఏ విషయానికైనా "మా అమ్మను అడుగు" అనేవాడు. అక్కకైతే అడిగే పని కూడా ఉండేది కాదు. ఏ కూర వండాలో, ఏ చాప ఎక్కడ ఆరేయాలో అన్నీ ముందే తేలిపోయి ఉండేవి. పుట్టింట్లో నన్ను చెడామడా తిట్టిన మనిషి అక్కడ నాలుగేళ్ళు నోరు మెదపలేదంటే నాకు నమ్మకం కుదిరేది కాదు.

ఒక ఉగాదికి ముందు ఆ గదికి సున్నం కొట్టించే మాట వచ్చింది. ఏటా కొట్టే ముసలాయనకు కబురు పంపబోతుంటే అక్క మొదటిసారి నోరు తెరిచింది.

"అత్తా, ఈసారి రంగు పూయిద్దాం. నా తమ్ముడుండాడు గదా హిందూపురంలో."

"సున్నం చాలదా ఏంది? మా మామ కాలం నుంచీ సున్నమే."

"చీరలు చూసేకి వచ్చేవాళ్ళకు బాగుంటాది అత్తా."

"నీ తమ్ముడు చేత్తో పూస్తాడా, నోటితో పూస్తాడా?"

ఆ రోజు నేను అక్కడే గడప మీద కూర్చుని ఉన్నాను. "నోటితో అయితే ఒక్క పూటలో అయిపోతాది అత్తా, చేత్తో అయితేనే ఆలస్యం" అన్నాను. అత్త నవ్వలేదు గానీ సరేనంది. అక్క నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. పరీక్ష రాసింది ఆమె, పాసైంది ఆమె, కానీ మార్కులు తెచ్చిపెట్టాల్సింది నేను.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, నేతపనివాళ్ళు మామూలుగా మగ్గం ఆపేది అమావాస్య ఒక్కరోజే. మిగతా రోజుల్లో పట్టుపోగులు మగ్గం మీద పరుచుకుని ఉంటాయి, ఆ గదిలో దుమ్ము లేపడానికి వీల్లేదు. బావ ముందే చెప్పేశాడు.

"అమావాస్య దినం గది నీది బామ్మర్దీ. మరుసటి దినం పొద్దున్నే నేను గుంతలో దిగల్ల."

ఒక్క రోజులో పాత సున్నం గీకి, కడిగి, ఆరబెట్టి, ప్రైమర్ పూసి, అది ఆరాక రంగు పూయడం ఎవరి వల్లా కాదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా నేను చెప్పలేదు. చెబితే అత్త సున్నం ముసలాయనను పిలుస్తుంది, అక్క మాట పోతుంది అనుకున్నాను. మగ్గం మీద దుప్పట్లు కప్పి, గోడను గుడ్డతో తుడిచి, సున్నం మీదే చిలకపచ్చ డిస్టెంపర్ రెండు సార్లు పూసేశాను. సాయంత్రానికి గది మెరిసిపోయింది. వీధి వీధంతా వచ్చి చూసింది. ఎదురింటావిడ వచ్చి, "మీ కోడలి తమ్ముడికి చెయ్యి తిరిగినాదే!" అంటే అత్త కాదనలేదు. అక్క నా కోసం బొరుగులతో ఉగ్గాని చేసి, బజ్జీలు వేసి, పళ్ళెం నా ఒళ్ళో పెట్టి, తిను తిను అని కొసరి కొసరి పెట్టింది. నేను తిన్నాను. అంత కమ్మగా అబద్ధాన్ని అరిగించుకున్నవాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

వానాకాలం వచ్చింది. నేను హిందూపురంలో ఎప్పుడూ ఒక రంగుల అంగడి దగ్గర కూర్చునేవాణ్ణి. పనులు అక్కడికే వచ్చేవి, ఫోన్లూ అక్కడికే వచ్చేవి. ఒక పొద్దున అక్క ఫోను చేసింది.

"ఒరే, గోడ అప్పడం మాదిరి లేస్తాండాది రా."

"అప్పడమైతే మంచిదే గదక్కా, సాంబారు చెయ్యి, నేనొస్తాండా."

అక్క నవ్వలేదు. "వచ్చిపో" అని పెట్టేసింది.

మధ్యాహ్నం పాసింజరు ఎక్కాను. పెనుకొండలో బండి ఆగినప్పుడు దిగి ఇంటికి పోయి ఒక పూట ఉండి పోదామా అనిపించింది. కానీ మా అమ్మ మొహం చూసే పట్టేస్తుంది. కిటికీ వైపు వీపు పెట్టుకుని కూర్చున్నాను.

ధర్మవరంలో గదిలో అడుగుపెట్టి గోడ చూశాను. నా పచ్చరంగు అరచేతులంత ముక్కలుగా లేచి, అంచులు చుట్టుకుని, వేలాడుతోంది. రంగు సున్నాన్ని పట్టుకుంది, సున్నం గోడను వదిలేసింది. ఎవడైనా గట్టిగా తుమ్మితే నేల మీద రెండు పెచ్చులు రాలుతున్నాయి. మగ్గానికీ గోడకూ మధ్య పాత దుప్పటి అడ్డం కట్టుకుని బావ నేస్తున్నాడు.

అత్త లోపలికి పోయి బీరువా తీసి ఒక చీర తెచ్చింది. గంధం రంగు పెళ్ళిచీర. మగ్గం మీద ఉండగానే పెచ్చు ఒకటి దాని మీద రాలిందట. బావ చూసుకోకుండా చెమట చేత్తో తుడిచాడు. లోపలి కొసన వేలి గోరంత పచ్చమరక నిలిచిపోయింది. కట్టుకుంటే బొడ్లోకి పోయే చోటు, ఎవరికీ కనపడదు. అయినా అత్త దాన్ని అమ్మనివ్వలేదు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ తీసి, మడత విప్పి, మరక చూపించి, మళ్ళీ మడిచి పెట్టేది. కోర్టులో సాక్ష్యాలను కూడా అంత జాగ్రత్తగా దాచరు.

"చూసినావా?" అంది నాతో.

"చూసినా అత్తా."

"నోటితో పూసింటే మేలు గదా?"

నేను వంగి నేల మీద పెచ్చులు ఏరడం మొదలుపెట్టాను. బావ గుంతలో నుంచి, "పూసినప్పుడు మాత్రం శానా బాగుండెమ్మా" అని నా తరఫున ఒక మాట వేశాడు. అత్త చూసిన చూపుకు మళ్ళీ నేతలో పడ్డాడు.

వంటింట్లో అక్క నాకు అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ముందు ఏందో తెల్లది పూయల్లంట గదా? సున్నం తాత చెప్పినాడు."

"ప్రైమరు."

"నువ్వు పూయలేదు."

"లేదు."

"తెలీకనా?"

"తెలిసే."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. చిన్నప్పుడు నా చెవి మెలేసినట్టు మెలేసినా బాగుండేది. తల వంచుకుని పళ్ళెం అంచున మెతుకులు ఏరుతూ మెల్లగా చెప్పింది.

"నాలుగేళ్ళలో ఈ ఇంట్లో నేను నోరు తెరిసి అడిగింది అదొక్కటే రా. ఇప్పుడు కూరలో ఉప్పు చాల్లేదు అత్తా అంటే, నీ తమ్ముడి రంగు మాదిరే ఉంటాది నీ మాట అంటాంది. పాలు విరిగిపోయినాయంటే, అదీ నీ తమ్ముడి రంగే. మళ్ళా నేను యాడ నోరు తెరిసేది?"

నేను పళ్ళెం పక్కకు జరిపాను. రంగు పోయినందుకు కాదు. రంగు ఎవరిదైనా పోతుంది, మళ్ళీ పూయొచ్చు. ఆమె మాట మీద పెచ్చు లేచింది, అది పూసింది నేను.

"మళ్ళా పూస్తానక్కా. ఈసారి ఎముకలతో సహా."

"ఏమో రా. పూస్తే పూయి, సగంలో మాత్రం ఇడిసిపెట్టాకు" అంది.

హిందూపురం వచ్చి మేస్త్రీ దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పాను. మధ్యలో ఒక్క హాస్యం కూడా వేయకపోయేసరికి ఆయన నాకు జ్వరం వచ్చిందేమోనని నుదురు తాకి చూశాడు. తిట్టలేదు. కుంచె కడుగుతూ చెప్పాడు.

"సున్నమంతా గీకల్ల. సిమెంటు గార కనపడేదాకా. నీళ్ళతో కడుగు. బాగా ఆరనీ. ప్రైమర్ రెండు సార్లు పూయి. ఆరనీ. ఆరకముందే దాని మీద రంగు పెట్టినావంటే నేను ధర్మవరం వచ్చి నీ మొగానికి పూస్తా."

ఒక్క అమావాస్య దీనికి చాలదు. బావ ఆలోచించి దారి చెప్పాడు. పడుగంటే చీర పొడవునా పరిచే పట్టుపోగులు. ఒక పడుగు మీద కొన్ని చీరలు నేశాక అది అయిపోతుంది. కొత్త పడుగు రంగు అద్దకం నుంచి వచ్చి, పాత కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతికేదాకా మగ్గం ఖాళీ. ఈసారి కొత్త పడుగు రావడానికి మూడు రోజులు పడుతుందన్నాడు. ఆ మూడు రోజుల కోసం నేను నెలన్నర కాచుకున్నాను. ఆ నెలన్నరా అత్త బీరువా ఎన్నిసార్లు తెరుచుకుందో నేను అడగలేదు.

మొదటి రోజు గీకుడు. లప్పం పట్టీ, అదే పల్చటి ఇనుప రేకు, పెట్టి లాగితే పచ్చ కింద తెలుపు, తెలుపు కింద నీలిమందు కలిపిన తెలుపు, దాని కింద పసుపు, మళ్ళీ తెలుపు. ఏళ్ళకు ఏళ్ళు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉన్నాయి. బావ ముక్కుకు తువ్వాలు కట్టుకుని నాకు తోడు గీకుతూ, ఒక నీలం పొర దగ్గర ఆగాడు.

"ఇది మా పెళ్ళికి కొట్టిన సున్నం రా."

"అయితే గీకమంటావా, వద్దా బావా?"

"గీకు గీకు. సున్నం పోతే పెళ్ళి పోతాదా?"

లోపలి నుంచి అక్క గొంతు వినపడింది. "ఏం గుసగుసలాడుతాండారు ఇద్దరూ?"

"ఏం లేదక్కా, బావ నీ పెళ్ళి గీకేస్తాండాడు!"

అత్త గడప దగ్గరికి వచ్చి చూసింది. నా తల, కనుబొమ్మలు, మీసం, రెప్పలు అన్నీ తెల్లగా ఉన్నాయి. "మా మామ లేసొచ్చినట్టుండాడే" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదలు.

రెండో రోజు గోడ కడిగాం. మబ్బు పట్టిన రోజు, గోడ ఎంతకీ ఆరదు. ఎదురింటి నుంచి టేబుల్ ఫ్యాన్ అడిగి తెచ్చి, దాన్ని ఒక గోడ ముందు నుంచి ఇంకో గోడ ముందుకు జరుపుతూ కూర్చున్నాను. గోడకు గాలి విసిరే కొలువు కూడా చేశానని ఆ రోజు నాకు గర్వంగా అనిపించింది. మూడో రోజు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ప్రైమర్ పూశాను. మామూలుగా ఎవరూ రారని చెప్పానే, ఆ రోజు అక్క వచ్చి నిలబడింది. గోడ ప్రైమర్‌ను తాగుతుంటే చూస్తూ, "ఇదా, నువ్వు పోయినసారి మింగింది?" అంది.

సాయంత్రం కబురొచ్చింది. పడుగు సిద్ధంగా ఉంది, తెల్లారగానే తెస్తున్నారు, అతికే ఆడవాళ్ళు కూడా వస్తున్నారు. అంటే రంగు పూయడానికి రోజు లేదు. గోడ ఇంకా తడిగానే ఉంది.

బావ మెల్లగా అన్నాడు. "ఇప్పుడే పైపైన ఒకసారి పచ్చ కొట్టేయి రా. గండం గడుస్తాది."

అత్త నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "లేకపోతే మళ్ళా ఎప్పుడు?"

"ఈ పడుగు అయిపోయినాక అత్తా."

"అంతవరకూ మా ఇల్లు సగం గొరిగిన తల మాదిరి ఉండాల్నా? తెచ్చుకుంటిమి సూడు పనోణ్ణి!"

ఆ మాట నాతో అంటూ అక్క వైపు చూసింది. అక్క నా వైపు చూసింది. పూసేస్తే ఆ సాయంత్రానికి ఆమెకు ఊపిరి ఆడుతుంది. పచ్చ డబ్బా మూత కూడా తీసే ఉంది. నేను మూత పెట్టి, రాయితో కొట్టి బిగించాను.

"పూయను బావా. తడి మీద పూస్తే మళ్ళా అదే అప్పడం."

అక్క లోపలికి పోయింది. స్టేషనుకు పోయేటప్పుడు నాకు దారిలో తినడానికని ఎప్పుడూ ఏదో ఒకటి మూట కట్టిచ్చేది. ఆ రోజు కట్టలేదు.

తర్వాత జరిగింది నాకు బావ చెప్పాడు. మూడు వారాలకు బెంగళూరు నుంచి ఒక కుటుంబం పెళ్ళిచీరలు చూడటానికి వచ్చింది. పచ్చరంగు పూసిన నాటి నుంచీ ఎవరొచ్చినా చీరను గదిలో చూసి, రంగు అనుమానమొచ్చి, పట్టుకుని వీధిలోకి పోయి ఎండలో చూసేవాళ్ళు. చిలకపచ్చ గోడ ముందర ఎరుపు నల్లబడేది, గంధం రంగు కామెర్లు వచ్చినట్టు కనపడేది. ఎవరికీ అది గోడ పని అని తోచలేదు. రంగులవాణ్ణి, నాకే తోచలేదు. ఈసారి బావ ఒక వంగపండు రంగు చీర విప్పి తెల్లగోడ ముందు పట్టుకున్నాడు. చీర రంగు చీరకే ఉంది. పెళ్ళికూతురు, "ఇదే" అంది. ఎవరూ వీధిలోకి పోలేదు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. అత్త చాప మీద కూర్చుని చీరను చూడకుండా గోడనే చూస్తూ ఉండిపోయిందట.

ఆ పడుగు అయిపోగానే పచ్చ డబ్బాతో దిగాను. అత్త గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

"ఆ డబ్బా వెనక్కి తీసుకొనిపో."

"ఏం అత్తా?"

"గోడ ఇట్లనే బాగుండాది. ముట్టాకు."

నేను నవ్వబోయి ఆగాను. ప్రైమర్ గోడను బాగుందన్న మనిషిని నా జీవితంలో మొదటిసారి చూస్తున్నాను. కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. కానీ దాన్ని అలా వదిలేయకూడదు. ప్రైమర్ ఒంటరిగా నిలిచేది కాదు. రోజులు గడిచేకొద్దీ పొడి రాలుతుంది, తాకితే అంటుకుంటుంది.

"సరే అత్తా, పచ్చ వద్దు. తెలుపే పూస్తా."

"తెల్లగుండే దాని మీద తెల్లరంగా?"

"అవునత్తా."

"మేమేమన్నా ఎర్రోళ్ళ మాదిరి కనపడతాండామా నీకు? పాల మీద పాలు పోసి పెరుగంటావు!"

"అది రంగు కాదత్తా, ప్రైమరు. దాని పైన..."

"ఆ పొద్దు పూయకుండా పోతివి. ఈ పొద్దు పూసిందాని మీద పూస్తానంటావు. నీ మాట ఎవరు నమ్మల్ల?"

నిజమే. నా మాట నమ్మడానికి నేను కూడా ముందుకు రాను. బావ అప్పటికే కిటికీలోంచి వీధిలో ఏదో చూస్తున్నాడు.

అక్క వంటింట్లోంచి వచ్చింది. తడి చేయి కొంగుకు శుభ్రంగా తుడుచుకుంది. నేరుగా పోయి గోడ మీద అరచేయి ఆనించి, ఈ మూల నుంచి ఆ మూల దాకా రాసింది. చేయి తిప్పి చూపించింది. ముగ్గు పిండిలో పెట్టి తీసినట్టు తెల్లగా ఉంది. దండెం మీద ముందురోజే మగ్గం నుంచి కోసిన చీర వేలాడుతోంది, ముదురు నీలం. అక్క ఆ చేతిని చీరకు బెత్తెడు దూరంలో ఆపింది.

"అత్తా, ఈ చేత్తో ఈ చీర మడత పెట్టేదా?"

"ఏయ్, ఏయ్, చెయ్యి తియ్యి!" అత్త ఉరికొచ్చి చీర లాక్కుంది.

"రేపు చూసేకి వచ్చినవాళ్ళు గోడకు ఆనుకుంటారు. చుట్టాల పిల్లోళ్ళు వచ్చి చేతులు రాస్తారు. అదే చేతులు చీర మీద పెడతారు." అక్క గొంతు పెద్దది చేయలేదు. "ఆ పొద్దు నేను చెప్పినప్పుడు వీడు తప్పు చేసినాడు, నిజమే. తడి మీద పూయమంటే పూయకుండా పోయింది గూడా వీడే. ఈ దినం వీడు చెప్పేది సరిగ్గా ఉండాది. పూయనీ."

ఆమె 'పూయనీ' అన్నది అడిగినట్టు లేదు. చెప్పినట్టు ఉంది. గదిలో అందరికీ తెలిసింది, ముందుగా అక్కకే తెలిసినట్టుంది, చెవుల దాకా ఎర్రబడింది.

అత్త చీరను ఒళ్ళో పెట్టుకుని అంచులన్నీ తడిమి చూసుకుంది. ఎక్కడా తెలుపు అంటలేదు. "సరే, పూయనీ" అంది. తర్వాత నా వైపు తిరిగి, "అయినాక నువ్వు గూడా చెయ్యి రాసి చూపించు, ఈసారి" అంది.

మెరుపు లేని తెల్ల ప్లాస్టిక్ పెయింటు కొనుక్కొచ్చి రెండు రోజులు పూశాను. నా జీవితంలో అంత చిత్రమైన పని ఇంకొకటి చేయలేదు. ఎంత పూసినా గోడ పొద్దున ఎలా ఉందో సాయంత్రమూ అలాగే ఉంది. ఎదురింటావిడ రెండో రోజు వచ్చి చాలాసేపు చూసి, "ఏమబ్బా, నిన్నట్నుంచీ నీళ్ళు పూస్తాండావా?" అంది.

"లేదక్కా, పూసినట్టు నటిస్తాండా. మా అక్క భోజనం బాగా పెడుతాండాది."

"నీకేమప్పా, తిండి దొరికితే గాలి గూడా పూస్తావు."

పచ్చ డబ్బా ఆ తర్వాత పెనుకొండకు తీసుకుపోయి మా దొడ్డి గోడకు పూశాను. ప్రైమర్ వేసే పూశాను. దాన్ని చూడటానికి వచ్చేది మా ఇంటి బర్రె ఒక్కటే, అయినా వేశాను.

ధర్మవరం నుంచి బయల్దేరే రోజు అక్క నా సంచిలో ఓళిగలు, అదే బొబ్బట్లు, కట్టి పెట్టింది. మూట ముడి వేస్తుంటే అత్త వచ్చి వంటింటి గోడ చూస్తూ నిలబడింది. పొగచూరి నల్లగా ఉంది.

"దీనికి గూడా పూయిద్దామా?" అంది. నేను నోరు తెరిచేలోగా చేయి అడ్డం పెట్టింది. "నిన్ను అడగలేదప్పా, గమ్మునుండు." అక్క వైపు తిరిగింది. "యా రంగు వేయిద్దామే?"

అక్క ముడి బిగించి, మూట సంచిలో దోపి, లేచి నిలబడి గోడను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. తొందరేమీ లేదు ఆమెకు.

"ఆలోచించి చెప్తానత్తా" అంది.

ఎనిమిది రోజుల తర్వాత నేను ఉండబట్టలేక హిందూపురం అంగడి నుంచి బావకు ఫోను చేశాను. ఏ రంగు తేవాలో తెలిస్తే డబ్బాలు సర్దుకుంటానని.

"మీ అక్క ఇంకా ఆలోచిస్తాండాది రా" అన్నాడు బావ గొంతు తగ్గించి. "మేమంతా గమ్మునుండాము."